అక్క చెవికి ఒక హెడ్‌ఫోను

సింగానల్లూరులో మేడమీది ఒంటిగది నాది. పంపు మోటార్లు తయారుచేసే వర్క్‌షాపులో స్టోరు చూసుకుంటాను. గదిలో గోడకు కొట్టిన చెక్కమీద నా హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. నీళ్ళ ట్యాంకు చూడడానికి పైకి వచ్చినప్పుడల్లా ఇంటి ఓనరమ్మ వాటిని చూసి నవ్వుతుంది. ఉన్నవి రెండు చెవులే కదా తంబీ అంటుంది అరవంలో.

చెవులు రెండే. పనులు వేరు. గాంధీపురం పోయే టౌన్‌బస్సులో చెవి రంధ్రాన్ని గట్టిగా మూసే చిన్నవి పెట్టుకుంటాను. కండక్టరు విజిల్ కూడా ఎక్కడో పక్క వీధిలో ఊదినట్టు వినిపిస్తుంది. వంట చేసేటప్పుడు మెడకు తగిలించుకునేది. తీగ గరిటెకు చుట్టుకోదు. రాత్రి భోజనమయ్యాక పెద్ద గిన్నెల్లాంటిది పెట్టుకుని తెలుగు వార్తలు వింటాను. పొద్దున నడకకు పోయేటప్పుడు మాత్రం చెంప ఎముకమీద ఆనుకునేది. చెవి రంధ్రాలు తెరిచే ఉంటాయి కాబట్టి వెనక వచ్చే లారీ వినపడుతుంది, పాట మాత్రం ఎముకలోంచి లోపలికి పోతుంది.

ఇదంతా నాకెవరూ నేర్పలేదు. అరవ మీడియంలో పదోక్లాసు దాకా చదివాను. శబ్దం గురించి, చెవి లోపలి నిర్మాణం గురించి తెలిసిందంతా గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. తెలుగు అక్షరాలూ అక్కడే దొరికాయి. అడుగు అరలో దుమ్ముపట్టిన పిల్లల వాచకం ఒకటి ఉండేది. మీసం నెరిశాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూడబలుక్కుంటుంటే గ్రంథాలయం అటెండరు గుడ్లురిమేవాడు. అయినా వదల్లేదు. మా వాళ్ళు ఎన్నో తరాలుగా ఈ అరవనేలమీద తెలుగు మాట్లాడుతున్నారు గానీ, చదవగలిగినవాణ్ణి మా ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను.

చదవడమైతే వచ్చింది. మాట్లాడడానికే మనిషి లేదు. అమ్మ పోయాక మా ఇంటి తెలుగు నాతో మాట్లాడేది అక్క ఒక్కతే. ఆమెను ఈ అరవనాటి కంబంలోనే ద్రాక్షతోట ఉన్న ఇంటికి ఇచ్చారు. వారం వారం ఫోను చేసేది. కిందటేడు నుంచి చేయడం మానేసింది. నేను చేసినా ఎత్తదు. మేనల్లుణ్ణి అడిగితే, "అమ్మకు చెవి మందమయింది మామా. డాక్టరు మిషను ఇచ్చినాడు. అది పెట్టుకుంటే ఆకు కదిలినా ట్రాక్టరు వచ్చినట్లుండాదని తీసి డబ్బాలో పెట్టేసింది" అన్నాడు. లోపలి నరం బాగానే ఉంది, దెబ్బతిన్నది చెవి పొర అని డాక్టరు చెప్పాడట.

ఆ మాట వినగానే నాకు ఆశ పుట్టింది. శబ్దానికి రంధ్రం కాక ఎముక దారి కూడా ఒకటుందని నేను చదువుకున్నాను కదా. హెడ్‌ఫోన్లన్నీ సంచిలో వేసుకుని కంబం బస్సెక్కాను.

వసారాలో మంచంమీద అక్క కూర్చుంది. ఎదురుగా కూలి ఆడవాళ్ళు ద్రాక్ష గుత్తులు ఏరి పెట్టెల్లో సర్దుతున్నారు. పెద్దది తగిలిస్తే కమ్మలకు ఒత్తుకుంది.

"చెవి తెగతాదిరా, తియ్! ఇదేమి, ఎద్దుకు కట్టే పట్టెడా?" అని గుసగుసగా గసిరింది.

చిన్నవాటిలో ఏమీ వినపడలేదు. ఆఖరికి చెంపమీది దాన్ని పెట్టి, తీగ లేకుండానే ఆమె ఫోనుకు కలిపి, నేను బావి అవతలికి పోయి ఫోను చేశాను.

"హలో, సొల్లుంగ తంబి," అంది అక్క, చెప్పండి తమ్ముడూ అని. తర్వాత తిన్నారా, ఊళ్ళో వానలున్నాయా అని అరవంలో అడిగింది, ఎవరో పైమనిషిని అడిగినట్టు.

ఫోను పెట్టేయకుండానే పరిగెత్తుకొచ్చాను. "వినపడిందా అక్కా?"

"బాగా వినపడిందిరా! తలకాయ లోపల కూర్చోని మాట్లాడినట్లే ఉండాది." గుసగుసగానే అంది.

"మరి అరవంలో ఎందుకు మాట్లాడితివి?"

ఆమె కళ్ళతోనే కూలి ఆడవాళ్ళను చూపించింది. మా ఇళ్ళల్లో అదొక మర్యాద. అరవం వాళ్ళు ఎదురుగా ఉంటే మన మాట మాట్లాడకూడదు, తమ గురించే ఏదో అనుకుంటున్నారని వాళ్ళు నొచ్చుకుంటారు. చిన్నప్పుడు మరిచిపోతే అమ్మ తొడపాశం పెట్టేది. చెవి రంధ్రాలు తెరిచే ఉన్నాయి కాబట్టి నా గొంతు వసారా అంతా మోగుతోందని అక్క అనుకుంది.

మీకేమన్నా వినపడిందా అని కూలి ఆడవాళ్ళను అడిగాను. పెద్దావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, అమ్మకు గాలి సోకిందేమో, తనలో తాను మాట్లాడుకుంటోందనుకున్నాం అంది. అందరూ నవ్వారు, అక్క కూడా. నవ్వు ఆగాక నాకేసి చూసి, మెల్లగా అంది: "సరేరా, నీ మాట వాళ్ళకు వినపడదు. నా మాట వినపడతాది గదా?"

ఆ సంగతి నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

చెంపమీది దాన్ని అక్కకే వదిలి వచ్చాను. అప్పటినుంచి అక్క ఫోను ఎత్తుతోంది. ఇంటినిండా ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. నేను తెలుగులో మాట్లాడతాను. ఆమె అవును, సరే అన్నట్టు "ఆమా తంబి, సరి తంబి" అంటుంది. తంబి అంటే తమ్ముడే, ఆ తమ్ముణ్ణి నేనే అయినా, కండక్టరునీ ఎరువుల కొట్టు అతన్నీ కూడా ఆమె అలాగే పిలుస్తుంది. నాకొక్కడికే ఉన్న పిలుపు వేరు. ఫోను పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగులుతుంది. వార్తలు పెట్టుకుంటాను. వార్తలు చదివేవాళ్ళు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ, నన్నేమీ అడగరు.

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం, కోతలు జరుగుతుండగా, అక్క ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "ఉండరా. పందిరి ఆ కొసకు పోయి మాట్లాడతా."

తెలుగులోనే అంది. పెద్ద హెడ్‌ఫోను తీసి తగిలించుకున్నాను. చెప్పుల చప్పుడు, ఆయాసం వినిపించాయి. తర్వాత, "అబ్బోడా, నీతో ఒకటి చెప్పాలని..."

అంతే, తెగిపోయింది. బదులుగా కూలి ఆడవాళ్ళ మాటలు, పెట్టెలు ఈడ్చే చప్పుడు దగ్గరగా వచ్చాయి. నాకు అర్థమయింది. ఫోను మంచంమీదే పెట్టేసి పోయింది. దూరం ఎక్కువైతే ఆ హెడ్‌ఫోనుకు ఫోను అందదు. అక్కా, అక్కా అని అరిచాను. వాళ్ళ కబుర్లలో ఎవరికీ వినపడలేదు. పెట్టేయబుద్ధి కాలేదు. ఎవరి ఇంట్లోనో దూడ పుట్టిన సంగతి వింటూ కూర్చున్నాను.

చాలాసేపటికి ఆమె గొంతు తిరిగి వచ్చింది. "...అంతే అబ్బోడా. చెప్పేసినా. ఇప్పుడు మనసు తేలికగా ఉండాది. నువ్వు ఊ కూడా కొట్టకుండా వింటివి, అందుకే చెప్పగలిగినా."

"అక్కా, నాకేమీ వినపడలేదు. ఫోను మంచంమీదే పెట్టి పోయినావు."

 ఆమె నవ్వింది. "అయ్యో! అంతా ద్రాక్షతీగలకు చెప్పొస్తినా!"

"మళ్ళీ పో అక్కా. ఈసారి ఫోను చేతిలో పట్టుకో."

పోయింది. ఆడవాళ్ళ గొంతులు వెనకబడ్డాయి. "ఇంగేముందిరా. వాన వచ్చేలోపల కోత ముగియాల. నువ్వు వేళకు వండుకోని తింటా ఉండావా?" అంది. లైను ఉందని ఆమెకు తెలియాలని ప్రతి మాటకూ గట్టిగా ఊ కొట్టాను.

"అట్ల అరవద్దురా, తలకాయలో మోగతాది."

నేను ఊ కొట్టడం మానేశాను. ద్రాక్షతీగలకు చెప్పినదాన్ని ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఫోను మాత్రం పెట్టేయలేదు. పందిరి కింద గాలి తిరుగుతున్న చప్పుడు రెండు చెవుల్లోనూ స్పష్టంగా వినిపిస్తోంది.