తలుపేసి పేర్చిన బతుకమ్మ

మా ఇంట్లో బతుకమ్మను పేర్చేది మా ఆయనే. నాకంత ఓపిక లేదు. ఇబ్రహీంపట్నం చుట్టూ ప్లాట్లు పడ్డాక తంగేడు పూలు దొరకడం గగనమైంది. స్కూటర్ మీద తిరిగి తెచ్చేది మాత్రం నేను. ఆయన దొంగనోట్లు అచ్చేస్తున్నట్టు తలుపేసుకుని గునుగుపూలకు రంగులద్దుతాడు.

పోయినేడాది ఒక వెంచర్ వాళ్లు పెట్టిన బతుకమ్మ పోటీలో మొదటి బహుమతి మాదే. పక్కింటి అక్క మురిసిపోయింది. "మస్తు పేర్చినవే! గిసొంటి పని మొగోళ్లతోని అయితదా?"

"యాడయితదక్కా!" అన్నాడు మా ఆయన, అందరికంటే ముందు.

మైకులో 'ఉత్తమ ఇల్లాలు' అని పిలిచి నా చేతిలో ప్రెషర్ కుక్కర్ పెట్టారు. ఇంటికి రాగానే ఆయనకిచ్చాను. తలుపేసి పప్పు పెట్టాడు. విజిల్ వినగానే పక్కింటి అక్క గోడ అవతలి నుంచి అరిచింది.

"అప్పుడే వంట షురూ జేసినవా? ఆడోళ్లకు పండుగనాడు గూడ రెస్టు లేదు!"

"ఏం జేస్తమక్కా," అన్నాను, మంచం మీద కాళ్లు చాపుకుంటూ.