రేడియేటర్‌లో గంజి

మా బాపుకి చెవులు మగ్గాల దగ్గరే పోయాయి. పవర్‌లూమ్‌ల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి అక్కడివాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. అదే పద్ధతి మా ఇంట్లోకీ వచ్చింది. నేను గొంతు విప్పకుండా పెదవులు కదిపితే చాలు, బాపుకి అర్థమవుతుంది. పదిమందిలో నోరు పెగలని నాకు అదెంత హాయో చెప్పలేను. బయటికి వెళ్తే ఆయనకి నేనే చెవులు.

మిల్లు మానేశాక బాపు చేతిలో మిగిలింది ఒక పాత తెల్ల అంబాసిడర్. ఎవరో సేఠ్ వాడి వాడి పక్కన పడేసింది. ఇప్పుడు పాత కార్లంటే పెళ్లివాళ్లకు మోజు. పూలదండలు కట్టి, పెళ్లికొడుకును కూర్చోబెట్టి, బ్యాండు వెనకాల మనిషి నడకన నడిపించాలి. అలా ఆగి ఆగి పోతే గాలి తగలక ఇంజను వేడెక్కుతుంది. రేడియేటర్ బాగుంటేనే మా ఇల్లు గడుస్తుంది.

నిరుడు అది కారితే మా ఊళ్లోనే సలాబత్‌పురాలో ఒక ముసలి మిస్త్రీ టాంకా వేసి, అంటే సీసంతో అతికి ఇచ్చాడు. మాలాగే నిజామాబాద్ వైపు నుంచి ఎప్పుడో ఈ పరాయి రాష్ట్రానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. కొత్త అల్యూమినియంది కొనమని అందరూ అంటే ఆయనే వద్దన్నాడు. "రాగిది పారేస్తవా? అల్యూమినియం పగిలితే పారేసుడే. రాగైతే నేను సచ్చేదాక అతుకుత," అన్నాడు.

ఈ చలికాలం, ఒక పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం, కారు కింద మళ్లీ తడి చూశాను. బాపు నిద్రలో ఉన్నాడు. లేపితే కంగారుపడతాడు. నాకు గంజి తట్టింది. మగ్గం ఎక్కించే ముందు సైజింగ్‌లో పడుగు నూలుకు గంజి పట్టిస్తే బలహీనమైన పోగు కూడా తెగకుండా నిలుస్తుందని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. పోగును నిలిపేది సన్నటి చిల్లును మూయదా అనుకున్నాను. బియ్యం గంజి చిక్కగా కాచి, చల్లార్చి, వడగట్టి రెండు చెంబులు రేడియేటర్‌లో పోశాను. సాయంత్రానికి చుక్క ఆగింది. డైరీలో ఆ సంగతి గొప్పగా రాసుకున్నాను కూడా.

మర్నాడు పర్వత్ పాటియా వీధుల్లో ఊరేగింపు మధ్యలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. పెళ్లికొడుకు దిగి, తలపాగా పట్టుకుని, మండపం దాకా నడిచి వెళ్లాడు. బాపు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. గంజి మాట నేను చెప్పలేదు. పెదవులైనా కదపలేదు.

తెల్లారి రేడియేటర్ విప్పి, ఆటోలో వేసుకుని మిస్త్రీ దగ్గరికి వెళ్లాం. బాపు దిగుతూనే మొదలుపెట్టాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలియదు.

"ఏంది మిస్త్రీ! గిదేనా నీ పని? నడి బజార్ల నా ఇజ్జత్ తీసినవ్!"

"నా టాంకా ఊడలే భాయ్. జర నిమ్మలంగ సూడు."

"ఏమంటుండు బిడ్డా?"

టాంకా ఊడలేదంటున్నాడని పెదవులతో చెప్పాను.

"ఊడకుంటె ఆవిరెట్ల లేసింది?"

పక్క కొట్టు ముందు చాయ్ తాగుతున్న ఒకతను మిస్త్రీని చూసి అందుకున్నాడు. "చాచా, నీ టాంకాలు నీ నోట్ల పండ్ల లెక్కనే ఉన్నయ్ గద. ఒక్కటి నిలుస్తలేదు."

అందరూ నవ్వారు. తన వంతు కోసం నిలబడ్డ ఒక టెంపో డ్రైవర్, అరుగు మీద పెట్టిన తన రేడియేటర్‌ను మెల్లగా చంకనెత్తుకున్నాడు. "మళ్ల వస్త చాచా," అంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాడని అక్కడున్న అందరికీ తెలుసు. నాకు ఇంకొకటి కూడా తెలుసు. అయినా చూస్తూ ఊరుకున్నాను.

మిస్త్రీ మంట పెట్టి, అతుకు కరిగించి, పైనున్న ఇత్తడి డబ్బా విప్పాడు. గొట్టాల నోళ్ల నిండా తెల్లటి ముద్ద, ఉడికి గట్టిపడి ఉంది. వేలితో తీసి వాసన చూశాడు.

"ఏం పోసినవ్ దీంట్ల? పిండి గిట్లనా?"

ఆ మాట బాపుకి అందించాను.

"నేనెందుకు పోస్త? రేడియేటర్ల వంట చేస్తనా? నీ తప్పు నా మీదికి నూకుతున్నవా!"

మళ్లీ నవ్వులు. నేను బాపు మోచేయి పట్టుకుని ఇటు తిప్పుకున్నాను. గంజి నేనే పోసిన బాపూ, అని పెదవులు కదిపాను. ఆయన చదివాడు. నోరు మూతబడింది.

ఒక్క క్షణం ఇక చాలనిపించింది. చెప్పవలసిన మనిషికి చెప్పేశాను, ఎవరికీ వినబడలేదు. కానీ మిస్త్రీ ఆ ముద్దను వేలి మీద పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. నిందను మాత్రం వీధంతా విన్నది.

"చాచా," అన్నాను. గొంతు రాలేదు. మళ్లీ అన్నాను. "చాచా, మీ టాంకా మంచిగనే ఉంది. అది గంజి. నేనే పోసిన. బాపుకి తెల్వదు."

నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. చాయ్ దగ్గరి నవ్వులు ఆగాయి.

"నేతోళ్ల బిడ్డవు గద," అన్నాడు మిస్త్రీ. "పడుగుకు పెట్టినట్టు పెట్టినవ్. గంజి పోగుకు బలం బిడ్డా, గొట్టానికి ఉరి."

బాపు రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది మిస్త్రీ," అన్నాడు, తిట్టినంత పెద్దగానే. తర్వాత టెంపో డ్రైవర్ నిలబడ్డ చోటు చూసి, "ఆయన ఎటు పోయిండు?" అని అడిగాడు.

ఇద్దరం వెతుక్కుంటూ వెళ్లాం. రెండు గల్లీల అవతల ఇంకో రేడియేటర్ కొట్టులో దొరికాడు. బాపు నన్ను ముందుకు జరిపాడు. నేను మొదటి నుంచీ చెప్పాను, ఆ కొట్టువాళ్లకీ అర్థమయ్యేలా హిందీలో, అందరి ముందూ. డ్రైవర్ నన్నూ బాపునీ మార్చి మార్చి చూశాడు. అప్పటికే అతని రేడియేటర్‌ను అక్కడ విప్పేశారు. అతను చేయగలిగింది ఏమీ లేదు.

తిరిగొచ్చేసరికి మిస్త్రీ మా గొట్టాలను బట్టల సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఒక్కొక్కదాంట్లో సన్నటి ఇత్తడి పట్టీ దూర్చి గంజి తోస్తున్నాడు. రెండు గొట్టాలు పుచ్చి చిల్లులు పడ్డాయి. నేను చూసిన చుక్క వాటిది. ఆ రెండింటినీ అటూ ఇటూ మూసేశాడు. మిగిలినవి మోస్తాయన్నాడు. డ్రైవర్ సంగతి చెప్పాను.

"పోనీ తియ్యి. ఆ కొన పట్టుకో," అన్నాడు.

గాలి నింపిన రేడియేటర్‌ను ఇద్దరం నీళ్ల తొట్టిలో ముంచాం. చిల్లుంటే బుడగ వస్తుంది. రాలేదు. ఆయన ఇంకా కిందికి అదిమాడు. నేనూ అదిమాను.