పాల బిందె మీద పెట్టిన చెయ్యి

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు నా మంచం అంచున కూర్చుని, మూడు నెలలు పరాయి దేశంలో ఉండి అక్కడి నుంచే పని చేసుకోవడానికి వాళ్ల ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారని, ఎక్కడుండాలో మాత్రం తనకు తేలడం లేదని చెప్పి, ఫోన్ నా కళ్ల ముందు పెట్టి ఊళ్లు చూపించడం మొదలుపెట్టింది. సముద్రం పక్క ఇల్లు, కొండ మీది ఇల్లు, కిటికీలో పూలకుండీలున్న ఇల్లు, ఇలా వేలితో తోసుకుంటూ పోతుంటే నాకు కళ్లు మండాయి, విసుగు కూడా పుట్టింది. మన ఈడు వాళ్లకు తెలియనిదేముంది, ఈ పిల్లలు మనల్ని అడిగేది జవాబు కోసం కాదు, పక్కన ఎవరో ఒకరు ఊకొట్టడానికి. అది చాలదన్నట్టు "నువ్వైతే ఏడుంటవ్ నాయనమ్మా" అని కూడా అడిగింది. నేను తడుముకోకుండా, స్విట్జర్లాండులో చెరువు గట్టున చెక్క బెంచీ ఉన్నచోట ఉంటానన్నాను. కాశీ తప్ప మరో దూరపు ఊరు ఎరగని ముసలిది అంత టక్కున చెప్పేసరికి అది నోరు తెరిచి నన్నే చూసింది. నిజానికి ఆ జవాబు నాది కాదు, మా మేనత్తది. ఆ చోటును ఎంచుకోవడానికి ఆమెకు ఎన్నో మధ్యాహ్నాలు పట్టాయి.

రెండో పెద్ద యుద్ధం మొదలవడానికి ఒకటి రెండేళ్ల ముందు మాట ఇది. నాకు పదకొండేళ్లు. పట్నంలో శాలిబండ అనే పేటలో మాది పాల ఇల్లు. ముందున్న రెండు గదులు మనుషులకు, వెనక పొడుగాటి కొట్టం బర్రెలకు. కొట్టంలోనే మా అత్త జీవితమంతా గడిచింది. పదిహేనేళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిందట, నాకు ఊహ తెలిసేటప్పటికి ఇరవై ఆరో ఏడో ఉంటాయి. చీకటితో లేచి పేడ ఎత్తేది, గడ్డి కోసేది, పాలు పిండేది, కాచేది, తోడు పెట్టేది, మళ్లీ సాయంత్రం అదంతా మొదటి నుంచీ చేసేది. మా కులంలో మారుమనువు తప్పు కాదు, కానీ ఇంటి చాకిరీ అంతా ఒక్క చేతి మీద నడుస్తున్నంత కాలం ఆ మాట మా వాళ్లలో ఎవరికీ గుర్తుకు రాలేదు. ఎవరిని తప్పుబట్టి ఏం లాభం, నా తల దువ్వేది కూడా ఆమే.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉండేది. ఏడాది పొడుగునా ఒక ఇంటికి పాలు పోస్తామని వాడిక కుదుర్చుకునేటప్పుడు, పాలు నిండిన బిందె మధ్యలో పెట్టి, ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ దాని మీద చెయ్యి ఆనించి మాట అనుకునేవాళ్లు. కాగితం లేదు, సాక్షి లేడు. చెయ్యి పెట్టాక బర్రె వట్టిపోయినా, వానలు లేక గడ్డి దొరక్కపోయినా, పక్కింట్లో కొని తెచ్చయినా పోయాల్సిందే. ఆ మాట తప్పినవాడి ఇంట పాలు విరుగుతాయని మా నాయనమ్మ నమ్మేది, మేమందరం నమ్మేవాళ్లం.

మా వాడిక ఇళ్లలో పెద్దది ఒక జాగీర్దారు దేవిడి, అంటే పెద్ద బంగళా. పొద్దున్నే అత్త బిందె నెత్తిన పెట్టుకుని, నేను మీగడ గిన్నె పట్టుకుని, వెనక దర్వాజా గుండా ఆడవాళ్లుండే జనానాలోకి పోయేవాళ్లం. జాగీర్దారు భార్య, బేగం, మంచి మనిషే అని చెప్పాలి, గసిరి ఎరగదు. అయితే ఆ ఇంటి మర్యాద వేరు. ఆమె శాలువా బాగుందని ఎవరైనా అంటే చాలు, తీసి చేతిలో పెట్టి "లే లో, తుమారాచ్ హై" అనేది, తీసుకో, నీదే అని. అప్పుడు మనం సలాం చేసి, మీకే అందం పాషా అని తిరిగి ఆమె భుజాన వేయాలి. ఇచ్చినవాళ్లు ఇచ్చింది లేదు, పుచ్చుకున్నవాళ్లు పుచ్చుకుంది లేదు, ఇద్దరి గౌరవం నిలిచేది. ఇది దేవిడిలో పిల్లి పిల్లకు కూడా తెలుసు, మా అత్తకు మరీ బాగా తెలుసు.

ఆ ఏడు బేగం పెద్ద కొడుకు విలాయత్‌లో చదువుకుంటున్నాడు, ఎండాకాలంలో వాళ్లంతా నాలుగు నెలలు పోయి అతని దగ్గర ఉండి, చుట్టుపక్కల దేశాలు కూడా తిరిగి రావాలనుకున్నారు. జనానా నిండా పెట్టెలు, పత్తర్‌గట్టి నుంచి వచ్చిన బట్టల మూటలు. ఒకనాడు అత్త బిందె దించుతూ, ఆ సంబరమంతా చూసి, ఎంత అదృష్టం పాషా అంది. బేగం నవ్వి, బిందె మీద చెయ్యి పెట్టి, "తుమ్ భీ చలో హమారే సాథ్. కౌన్సే షహర్ మే రహనా, తుమీచ్ బోలో" అంది. నువ్వు కూడా రా, ఏ ఊళ్లో ఉంటావో చెప్పు, నాలుగు నెలలకు అక్కడే ఇల్లు చూద్దాం అని. అత్త సలాం చేయలేదు, మీకే అందం అనలేదు. బిందె మీదున్న ఆ తెల్లటి చెయ్యి వైపు చూసింది, మెల్లగా తన చెయ్యి కూడా పక్కన ఆనించింది.

మర్నాటి నుంచి మాకు అదే పని. బేగం కూతురు నా ఈడుది, దాని దగ్గర అన్న పంపిన బొమ్మల కార్డులు ఒక డబ్బా నిండా ఉండేవి, నాలుగైదు చొప్పున ఇంటికి ఇచ్చేది. మధ్యాహ్నం కొట్టంలో గడ్డి మోపు మీద కూర్చుని అత్తకు నేను ఒక్కొక్క ఊరు చెప్పేదాన్ని. నాకేం తెలుసు, తోచింది చెప్పాను. లండన్‌లో ఎండ పడదన్నాను, పారిస్‌లో ఆడవాళ్లు ఎవరూ వంట చేయరన్నాను. అత్త నాకు గిన్నెడు మీగడ పెట్టి, నా అబద్ధాలన్నీ దీక్షగా వినేది. ఒక కార్డు మాత్రం ఎన్నిసార్లు చూసినా తిరిగి ఇవ్వలేదు. దాంట్లో పెద్ద చెరువు, గట్టున బెంచీ, బెంచీ మీద ఒక నడివయసు ఆడమనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"గామె ఏం జేస్తున్నదే?" అని అడిగింది.

"ఏం జేస్తలేదు అత్తా, ఊకె కూసున్నది."

"ఎవ్వరు పిలుస్తలేరా?"

"ఎవ్వరు లేరు గద ఆడ."

"ఎంతసేపు కూసుంటదో," అని కార్డును దగ్గరికి తీసుకుని, "నేను గాడనే ఉంట," అంది. ఆ ఊరు పేరు కార్డు మీద ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు. బేగం కూతురిని అడిగితే స్విట్జర్లాండ్ అంది. ఆ మాట అత్త నోటికి పట్టడానికి మూడు రోజులు పట్టింది. పాలు పిండుతూ కూడా వల్లె వేసుకునేది.

ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను. అది ఉత్త మాట అని నాకు తెలుసు. కార్డులు తీసుకున్న మూడో రోజునే బేగం కూతురు నవ్వుతూ, "అమ్మీ తో మజాక్ కర్రహీ, తుమారీ ఫుప్పూ సచ్ సమఝ్ గయీ క్యా" అని నన్ను అడిగింది. మా అమ్మ సరదాకంది, మీ అత్త నిజమనుకుందా అని. పరదా వెనక పనివాళ్లు కిసకిస నవ్వడం నా చెవులతో విన్నాను. బేగం కూడా రోజూ, ఊరు తేలిందా అని అడిగి ముచ్చట పడేది. నేను అత్తకు చెప్పలేదు. చెబితే కార్డులు ఆగిపోతాయి, మీగడ ఆగిపోతుంది, నా మాట కోసం ఒక పెద్ద మనిషి నోరు తెరుచుకుని కూర్చోవడం ఆగిపోతుంది. పనివాళ్ల నవ్వు చూసి నాకు కూడా లోపల నవ్వు వచ్చేది. పిల్లతనం అని మీరు అంటారేమో. పిల్లలకు అన్నీ తెలుస్తాయి, నేనెరుగుదును.

అదే నెలలో ధూల్‌పేట నుంచి ఒక సంబంధం వచ్చింది. మట్టితో వినాయకుడి బొమ్మలు చేసే మనిషి, భార్య పోయింది, ఇద్దరు చిన్న పిల్లలు. అత్త పాలు తీసుకుపోతుంటే ఎక్కడో చూశాడట, తనే పెద్దమనిషిని పంపాడు. మా ఇంటికి వచ్చినప్పుడు గోళ్ల సందుల్లో మట్టి ఉంది, దాన్ని దాచుకోవడానికి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అత్త తలుపు చాటు నుంచి చూసింది, ఆమెకు నచ్చాడు, అది నాకు కూడా కనిపించింది. కానీ నాలుగు నెలలు ఆగమను, వచ్చినంక చేసుకుంటానంది. ఆమె తన కోసం ఏదైనా అడగడం మా ఇంట్లో అదే మొదటిసారి. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన తల పట్టుకుని, ఆఖరికి నన్ను పిలిచాడు.

"నువ్వు దినాం పోతవ్ గద బిడ్డా. నిజంగనే తీస్కపోతరా, ఊకె అన్నరా? తప్పు జెప్పకు, దాని బతుకు ముచ్చట."

అత్త కొట్టం గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. నేను, "నిజమే బాపు, బిందె మీద చెయ్యి పెట్టి అన్నది," అన్నాను. చూడండి, అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. బిందె మాట వినేసరికి బాపు ఇంకేమీ అడగలేదు. ధూల్‌పేటకు కబురు పోయింది. ఆ మనిషి పిల్లలతో నాలుగు నెలలు ఆగలేకపోయాడు, ఇరవై రోజులు తిరక్కుండానే వేరే ఆమెను చేసుకున్నాడు. అత్త ఆ మాట విని కొంచెంసేపు గడ్డి కోయడం ఆపి, మళ్లీ కోసింది. ఏ బర్రె తంతుందో, దేనికి కుడివైపు నుంచి పోవాలో మా అమ్మకు నేర్పడం మాత్రం మానలేదు, తను లేని నాలుగు నెలలు ఇబ్బంది కాకూడదని.

ప్రయాణం నాడు జనానా నిండా చుట్టాలు. అత్త కొత్త నేత చీర కట్టుకుని, చేతిలో రేకు పెట్టె పట్టుకుని, నెత్తిన బిందె లేకుండా మొదటిసారి ఆ దర్వాజా దాటింది. వెనక నేను. బేగం ఆమెను చూసి, పెట్టెను చూసి, ముందు ఏమీ అర్థం కాక, తర్వాత అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. పక్కనున్న ఆడవాళ్లందరికీ చెప్పింది. ఏ ఊరు ఎంచుకున్నావో అందరికీ వినబడేలా చెప్పమంది. అత్త చెప్పింది. మూడు రోజులు వల్లె వేసిన మాట, ఒక్క అక్షరం తప్పు పోకుండా. ఇంకొకసారి చెప్పమన్నారు. ఇంకొకసారి చెప్పింది. నవ్వీ నవ్వీ ఒకావిడకు పొలమారితే నీళ్లు తెచ్చారు.

అప్పుడు అత్త తలెత్తి, బిందె మీద చెయ్యి పెట్టిండ్రు గద పాషా, అంది.

బేగం కాసేపు గుర్తు తెచ్చుకుని, "పాలు వేడిగున్నయా లేవా అని చూసిన పోరీ," అంది తనకు వచ్చిన తెలుగులో. ఆ మాటలో కపటం లేదు. ఆమె మనసు కూడా కొంచెం నొచ్చినట్టుంది, ఓడలో చలికని తెప్పించుకున్న శాలువా భుజం మీంచి తీసి అత్త చేతుల్లో పెట్టి, లే లో అంది. అత్త ఆ శాలువాను రెండు చేతులతో పట్టుకుని, వంగి సలాం చేసి, "మీకే అందం పాషా" అని తిరిగి ఆమె భుజాన కప్పింది. అంచు మడత పడితే సరి చేసింది. బేగం ఉంచుకుంది.

పత్తర్‌గట్టి మీదుగా నడిచి వచ్చాం. అత్త ముందు, పెట్టె ఆమె చేతిలో. మా గల్లీ మొదట్లో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, ఏమైందని అడుగుతారు, అడిగితే బాపు దాకా పోతుంది, నాకు వీపు చిట్లుతుంది. ఆ భయంతో వాళ్లు నోరు తెరవక ముందే నేను ముందుకు ఉరికి, "విలాయత్ అత్త వచ్చింది, జరగుండ్రి, జరగుండ్రి," అని అరిచాను. అందరూ పకపకా నవ్వారు. ఇక నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పేరు ఆనాటి నుంచి ఆమెకు అతుక్కుపోయింది. అసలు పేరుతో మా బాపు కూడా పిలవడం మానేశాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆమె పోయిననాడు కూడా విలాయత్ అత్త పోయిందనే గల్లీలో చెప్పుకున్నారు. దేవిడి నుంచి అలా తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే మాత్రం ఆమె మామూలుగా బిందె ఎత్తుకుని దేవిడికి పోయి, ఇంట్లో మిగిలిన పనివాళ్లకు పాలు పోసి వచ్చింది. ఏడాదికి మాట ఇచ్చింది కదా.

ఆమె నన్ను ఏమీ అనలేదు. యుద్ధం అయిపోయిన ఏడు నాకు సంబంధం కుదిరింది. పెళ్లికి రెండు రోజులుందనగా కొట్టం దగ్గర కూర్చోబెట్టి తల దువ్వుతూ, జడ సగం అల్లి ఆగింది. "బాపు అడిగిన నాడు, గది ఊకె అన్న మాటని నీకు ఎరికేనా?" అంది. పక్కనున్న పాల బిందెను కాలితో నా దగ్గరికి జరిపి, "దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. నిన్నేమనను, చెప్పు," అంది.

అప్పుడే పిండిన పాలు, బిందె వెచ్చగా ఉంది. నేను చెయ్యి పెట్టి, ఎరికలేదత్తా అన్నాను. ఆమె సరే అని, మిగిలిన సగం జడ అల్లి, కొసకు గట్టిగా ముడి వేసింది.

మా మనవరాలు ఆ సాయంత్రమే స్విట్జర్లాండులో ఒక చెరువు, దాని గట్టున బెంచీ వెతికి పట్టుకుంది, ఇల్లు కూడా మాట్లాడేసింది. ముందు రోజు దాకా వద్దనుకోవచ్చట, ఎవరూ ఏమీ అనరట. ఇంత మంచి చోటు నీకెవరు చెప్పారని అడిగితే, బడిలో చదివానన్నాను. దేవిడి ఉన్నచోట ఇప్పుడు పెళ్లిళ్ల హాలు ఉంది. మా కొట్టంలో మూడు దుకాణాలు వెలిశాయి. బర్రెలు లేవు, వాడికలు లేవు, మాట తప్పితే పాలు విరుగుతాయని భయపడే మనుషులు లేరు. పొద్దున్నే పాలు మా గుమ్మంలో ప్యాకెట్లలో చల్లగా పడి ఉంటాయి. చెయ్యి పెట్టి చెప్పమనడానికి ఇంట్లో బిందె లేదు, అడగడానికి ఆమె లేదు. మీరేమైనా అనుకోండి, ఈ మారిన కాలంలో నాకు నచ్చింది అదొక్కటే.