గోనెపట్టా మీద పాఠాలు

కుక్కని పెంచడం మా ఇంటా వంటా లేదు. పెదపారుపూడి దగ్గర మా పుట్టింటి ఊళ్ళో కుక్కలుండేవి కానీ అవన్నీ వీధివి. ఎవరి అరుగు మీద నీడ ఉంటే అక్కడ పడుకునేవి, ఎవరు ముద్ద పెడితే వాళ్ళ వెనక తిరిగేవి. వాటికి ఎక్కడ ఏ పని చెయ్యాలో నేర్పాలని ఎవరికీ తోచలేదు. అందుకే తొంభైల చివర్లో మా ఆయన గుడివాడ నుంచి బస్సులో, కూరగాయల బుట్టలో పెట్టుకుని కుక్కపిల్లని బందరు తెచ్చినప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, అది మహా ముద్దుగా ఉందని. బుట్ట దించీ దించగానే అది హాలు మధ్యలో నిలబడి, నా మొహంలోకే చూస్తూ, తాపీగా పని కానిచ్చేసింది.

దేవుడి గది గుమ్మంలో ఉన్న మా అత్తగారు అదంతా చూశారు.

"బాగుందమ్మాయ్, చాలా బాగుంది. ఇల్లనుకున్నావా, సంత అనుకున్నావా?" అన్నారు నాతో, అదేదో నేను చేసినట్టు. "నూర్పిళ్ళయ్యాక అల్లుడుగారు బియ్యం తెస్తారుగా, అప్పటిదాకా చూస్తాను. అప్పటికీ ఇదే వరసైతే ఆయనతో పంపించేస్తా. చేపల చెరువు దగ్గర కాపలాకి కుక్క కావాలని ఎటూ అడుగుతున్నారు. పంపించేదానికి పేరు మాత్రం పెట్టకు."

మా ఆడపడుచుని ఇచ్చింది దివిసీమలో. వాళ్ళ చెరువు నేను చూశాను. గట్టు మీద తాటాకు పాక, పాక ముందు గుంజ, గుంజకి గొలుసు. వానైనా ఎండైనా కుక్క లోకమంతా ఆ గొలుసు పొడవే. బుట్టలోంచి దిగిన ఈ గుప్పెడు ప్రాణిని ఆ గొలుసుకి కట్టడమా! నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "చూస్తూ ఉండండి అత్తయ్యగారూ, మనుషులకన్నా శుభ్రంగా ఉండేలా చేస్తాను దీన్ని," అనేశాను. అనడమైతే అన్నాను గానీ ఎలా చెయ్యాలో నాకేం తెలుసు?

పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు నన్నూ, నా చీర చెంగులోంచి తొంగిచూస్తున్న కుక్కపిల్లనీ చూసి నవ్వారు. "గేదె సంగతైతే గంటసేపు చెప్పగలనండీ. దీనికి మాత్రం ఒక మూల పేపరు పరవండి. తిండి తిన్నాకా, నిద్ర లేచాకా తీసుకెళ్ళి దాని మీద నిలబెట్టండి. పని చేస్తే మెచ్చుకోండి, అంతే," అన్నారు.

ఇంటికొచ్చి పేపరు పరిచానో లేదో, అత్తగారు ఎక్కడున్నారో గానీ ఊడిపడ్డారు. "అయ్యయ్యో! కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటామే, సాక్షాత్తూ సరస్వతి మీద కుక్క చేత ఆ పని చేయిస్తావా?" కాదనడానికి నాకూ నోరు రాలేదు. చిన్నప్పటి నుంచీ పుస్తకానికి కాలు తగిలితే దణ్ణం పెట్టినదాన్నే కదా నేనూ! పేపరు మడిచి అటక మీద పెట్టేసి, పాత గోతం ఒకటి చింపి, ఆ గోనెపట్టా పరిచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. గోనె తడి పీల్చుకుంటుంది, ఉతికి ఆరేస్తే మళ్ళీ పనికొస్తుంది. పేపరుకన్నా నయం కాదూ?

కుక్కపిల్ల ఇట్టే పట్టేసింది. పాలు తాగగానే గోనె మీదకి, నిద్ర లేవగానే గోనె మీదకి. "శభాష్ రా నా తండ్రీ!" అని నేను చప్పట్లు కొడితే, తోకతోపాటు ఒళ్ళంతా ఊపేది. వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పూలమ్మి దాకా అందరికీ చెప్పుకున్నాను. "ఏమోయ్, అది టెన్త్ పాసైనట్టు అంత హడావిడేమిటి?" అని మా ఆయన వేళాకోళం చేశారు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. వీధిగుమ్మంలో కాళ్ళు తుడుచుకునే గోనె మీద ఒకనాడు పని కానిచ్చింది. తర్వాత వంటింటి గుమ్మంలో దాని మీద, ఆ తర్వాత స్నానాలగది ముందున్న దాని మీద. చివరికి ఒక పొద్దున్న మూలనున్న బియ్యం గోతానికి ఆనుకుని, కాళ్ళు సర్దుకుని, నా వైపు చూసింది, చప్పట్లు కొట్టమన్నట్టు. నేను కెవ్వుమని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాను.

అప్పుడు వెలిగింది నాకు. మా ఇల్లంతా గోతాలే! తినేది గోతంలోంచి, కాళ్ళు తుడుచుకునేది గోతం మీద, వానొస్తే నెత్తిన కప్పుకునేది గోతం. నేను దానికి ఇల్లంతా మరుగుదొడ్డే అని నేర్పాను. పాపం, అది నేర్పిన పాఠం నేర్పినట్టు అప్పజెప్పింది.

"చెరువు దగ్గరకి పంపడమే నయమేమోనోయ్," అన్నారు మా ఆయన మెల్లగా. నాకు ఒళ్ళు మండిపోయింది. తెచ్చిన మనిషే అనాల్సిన మాటా అది? ఆ పూట ఆయనకి నిన్నటి పులుసే వడ్డించాను.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. గుమ్మాల్లో గోనెలన్నీ తీసేసి పాత నేతచీరలు మడిచి వేశాను. దాని గోనెని మాత్రం రోజుకి కాస్త కాస్త జరుపుకుంటూ వెళ్ళాను. హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి వెనక వసారాలోకి, మెట్టు దిగి పెరట్లోకి, చివరికి వాడకం నీళ్ళు పోయే అరటిచెట్ల మొదట్లోకి. అక్కడికి చేరాక కత్తెర తీసుకుని ఆ గోనెని చుట్టూ తగ్గిస్తూ వచ్చాను. చాపంత ఉన్నది పీటంతయింది, పీటంతది అరచేయంతయింది, ఆ తర్వాత అదీ లేదు. అరటిచెట్లు మిగిలాయి. బయటికెళ్ళాలంటే వెనక తలుపు గీకడం దానికీ, గీకితే తియ్యడం నాకూ అలవాటైంది. ఈలోగా నా తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు మొండితనం అప్పుడు చేశాను. గుమ్మాల్లో గోనెలు మళ్ళీ తెచ్చి వేశాను. అది వాటి మీద కాళ్ళు సర్దుకోబోతే "ఊహూఁ" అనేదాన్ని, ఎత్తుకుని అరటిచెట్ల దగ్గరకి పరుగు. అత్తగారు తులసికోటకి నీళ్ళు పోస్తూ ఓరగా చూసేవారు.

నూర్పిళ్ళయ్యాయి. ఒక పొద్దున్నే వ్యానులో అన్నయ్యగారు దిగారు. ఆడపడుచు భర్తని నేను అలాగే పిలుస్తాను. బియ్యం గోతాలు హాల్లో వరసగా పేర్పించి, ఖాళీ గోతం ఒకటి సరిగ్గా హాలు మధ్యలో పరిచారు. "చెల్లెమ్మా, అత్తయ్యగారు చెప్పిన కుక్కపిల్లని ఇందులో వేసి మూతి వదులుగా కడితే దారిలో గోల చెయ్యదు."

అత్తగారు తలస్నానం చేసి, దీపం పెట్టడానికి దేవుడి గదిలోకి వెళ్ళబోతున్నారు. ఆ వేళప్పుడు కుక్క గాలి కూడా ఆవిడకి సోకకూడదు. సరిగ్గా అప్పుడే పాలు తాగి మూతి నాక్కుంటూ వచ్చింది మా పిల్ల. హాలంతా కొత్త గోనె వాసన. ఖాళీ గోతాన్ని వాసన చూసింది. దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆ తిరగడం దేనికో నాకు బాగా తెలుసు. నేను నోరు తెరవబోతే అత్తగారు చెయ్యెత్తారు.

"నువ్వు మాట్లాడకు," అన్నారు.

కుక్కపిల్ల నా వైపు చూసింది. నేను రాయిలా నిలబడ్డాను. అది గోతాన్ని ఇంకోసారి వాసన చూసి, ఒక్క గంతులో దాన్ని దాటి, వంటింట్లోంచి వెనక తలుపు దగ్గరకి పరిగెత్తింది. తలుపుకి గడియ వేసి ఉంది. గీకింది. ఎవరూ రాకపోతే కుయ్యిమంటూ మళ్ళీ గీకింది. నాకు అడ్డంగా బియ్యం గోతాలు. నేను వాటిని దాటుకుని వెళ్ళేలోపే అత్తగారు వెళ్ళి గడియ తీశారు. అది ఆవిడ పాదాలని, శుభ్రమైన చీర అంచుని రాసుకుంటూ అరటిచెట్ల దగ్గరకి ఉరికింది.

ఆవిడ తలుపు దగ్గరే నిలబడి కాసేపు చూశారు. తర్వాత హాల్లోకొచ్చి, ఖాళీ గోతాన్ని నాలుగు మడతలు పెట్టి అల్లుడి చేతికిచ్చారు.

"కుక్కేదండీ అత్తయ్యగారూ?"

"పంపను అల్లుడుగారూ. తలుపు తియ్యమని అడగడం నేర్చుకుంది అది. గట్టు మీద కట్టేస్తే ఎవర్ని అడుగుతుంది?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ నా వైపు చూడకుండానే మళ్ళీ స్నానానికి వెళ్తూ, "ఇన్నాళ్ళయింది, ఇంకా పేరు పెట్టలేదేమ్మాయ్?" అన్నారు.

పేరు నేను మొదటి వారంలోనే పెట్టేశాను. అరటిచెట్ల చాటున దాని చెవిలో చెప్పడమే గానీ, పైకి ఎప్పుడూ పిలిచింది లేదు. వెనక మెట్టు మీదకొచ్చి, మా వీధి చివరిదాకా వినపడేలా ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచాను. అది చెవులు ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.