నేను పారబోయించిన వైన్

ఒక మాట ఏళ్లుగా నా గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేను, ఉమ్మలేను. మీకు చెబుతున్నాను. ఓదార్చకండి, అందుకు కాదు.

స్వరూప అంటే నాకు పడదు. ఇప్పటికీ పడదు. ఆమెది షామీర్‌పేటలో భూములున్న ఇల్లు. నాది కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి పేట్ బషీరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఫ్రాన్సులో, బర్గండీలో, ఇద్దరం ఒకే ముసలాయన దగ్గర వైన్ పని నేర్చుకున్నాం. నేలమాళిగలో ఆయన గాజు గొట్టంతో పీపాలోంచి కొత్త ఎర్ర వైన్ తీసి మా గ్లాసుల్లో పోసేవాడు. ఏడాది నిండని వైన్‌కి పళ్లు పులిసిపోతాయి, నాలుక మొద్దుబారుతుంది. ఆ పులుపు వెనక రేపు ఏముందో చెప్పగలగడమే విద్య. నేను తడుముకుని తడుముకుని చెప్పేదాన్ని. స్వరూప పుక్కిలించి ఉమ్మేసి, ఇది నిలబడుతుంది, ఇది నిలబడదు అనేది. ముసలాయన తలూపేవాడు. ఒకసారి అందరి ముందూ నన్ను చూపించి "అక్క పుస్తకం జూసి రుచి జెప్తది" అంది. అక్కడివాళ్లకి అర్థమయ్యేలా ఫ్రెంచిలో కూడా చెప్పింది. అందరూ నవ్వారు.

అంత చిన్న మాటకా? అవును, అంత చిన్న మాటకే.

తిరిగొచ్చాక స్వరూప తండ్రిని ఒప్పించి, సొంత తోటలో ఆ బర్గండీ ద్రాక్షే వేసింది. ఈ ఎండలకి ఆ తీగ బతకదని అందరూ అన్నారు. నీడ వలలు కట్టి బతికించింది. తొలి కాపుతో పీపాలు నింపింది. అప్పటికి నేను హోటళ్లకి వైన్ ఎంపిక చేసే ఉద్యోగంలో ఉన్నాను. నా మాటకి విలువుంది. అందుకే ఆ వైన్ రుచి చూసి చెప్పమని ఆమె తండ్రి నన్ను పిలిపించాడు. చుట్టుపక్కల పొలాల్లో అప్పటికే ప్లాట్ల రాళ్లు పాతేశారు. ఆయన మనసూ అటే లాగుతోంది.

చల్లటి షెడ్డులో స్వరూప ముగ్గురికీ పోసింది. తండ్రి ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"గింత పులుపేంది బిడ్డా? ఖరాబైనట్టుంది."

"ఖరాబ్ గాలే నాయినా. ఇంకా పసిది. సల్లగ పెట్టినం గదా, పులుపు దిగనీకి జర టైం వడ్తది. అక్కా, నువ్వు జెప్పు. నీకెర్కే గదా."

నాకు తెలుసు. ఆ పులుపు కింద నేరేడు వగరు, ఆ వగరు వెనక మెత్తగా, ఎంతకీ తెగని పండు వాసన. ముసలాయన మంచి పీపాలకి ఏమీ తీసిపోదు. తడబడ్డానా? తడబడ్డానని రాస్తే బాగుండును. లేదు.

"ఇది పసితనం కాదు స్వరూపా. వెనిగర్ అవుతోంది. ఇక ఆగదు."

ఎదురు తిరుగుతుందనుకున్నాను. తిరిగి ఉంటే వెనక్కి తగ్గేదాన్నేమో, ఏమో, అదీ నన్ను నేను మోసం చేసుకోవడమేనేమో. ఆమె గ్లాసు మళ్లీ నోటికి ఆనించుకుంది. ఆ గుక్కని నోట్లోనే చాలాసేపు ఉంచుకుంది.

"నాకే తెల్వకపాయె," అంది మెల్లగా.

తన నాలుకని కాదని నా మాట నమ్మింది. ఆ నమ్మకానికి కూడా ఆమె మీద కోపమే వచ్చింది.

పీపాలు కాలవలోకి వంచేశారు. తీగలు పీకేశారు. తోట ప్లాట్లయింది. స్వరూప మేడ్చల్‌లో తండ్రి ఆఫీసులో కూర్చుని వాటిని అమ్మింది. వైన్ మళ్లీ ముట్టలేదని విన్నాను.

ఈమధ్య ఒక పెళ్లిలో ఎదురుపడింది. చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నిజం జెప్పి మంచి పని జేసినవ్ అక్కా. లేకుంటే నాయిన మస్తు మునుగుతుండె."

"పర్లేదులే," అన్నాను. ఆమె చేతిని విదిలించుకోవాలనిపించింది. తిట్టి ఉంటే భరించేదాన్ని.

ఆమెకి చెప్పలేను. చెప్పే ధైర్యం లేదు, చెప్పాలన్నంత ప్రేమా లేదు. మీకు చెబుతున్నాను: ఆ వైన్ చెడిపోలేదు. స్వరూప చెప్పిందే నిజం. నేను తెలిసే అబద్ధమాడాను.

ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు గొంతు కాస్త ఖాళీగా ఉంది. అంతే.