ఆరుసార్లు తెరిచిన ఓవెన్

మూసి ఉన్నది ఏదైనా సరే, తెరిచి చూడకుండా మా మావయ్య ఉండలేడు. పుట్టగానే కళ్లు తెరవడానికి బదులు నర్సు చేతిసంచి తెరిచాడట. ఇది మా అమ్మ చెప్పిన మాట. సంచి సంగతి నేను కలిపాను.

వృత్తి గడియారాల రిపేరు. ఆగిపోయిన గడియారం తెస్తే విప్పేవాడు, అది న్యాయమే. దారిన పోతూ టైము చెప్పడానికి ఆగినవాడి గడియారం కూడా పుచ్చుకుని వెనక మూత ఊడదీసేవాడు. ఇంట్లో ఆయన వంటింటి వైపు నడిస్తే చాలు, కుక్కర్ భయపడి ముందే విజిల్ వేసేసేది. నేను కళ్లారా చూశాను.

ఇక నా సంగతి. చదువు నాకు సరిపడలేదు. నేనే చదువుకి సరిపడలేదని కాలేజీవాళ్లు అన్నారు, అది వాళ్ల అభిప్రాయం. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒక పిజ్జా దుకాణంలో చేశాను. అక్కడ నేను పిండిని గాల్లోకి ఎగరేస్తే అది ఫ్యాను రెక్కకి తగిలి, ఇంకాస్త పల్చగా సాగి, మళ్లీ నా చేతిలోనే పడేదని వీధంతా చెప్పుకొచ్చాను. నిజానికి నేను మడిచింది అట్టపెట్టెలు.

ఆ గొప్పలు వీధి చివర బేకరీ ఆవిడ చెవిన పడ్డాయి. ఆదివారం మీ ఇంటికే వస్తాను, ఒకటి చేసి పెట్టు, నచ్చితే మర్నాడే పనిలో చేరమంది. అప్పటికి నాలుగు నెలలుగా మావయ్య ఇంట్లో ఊరికే కూర్చుని తింటున్నాను. ఆ ఉద్యోగం నాకెంత అవసరమో నా పళ్లెం కడిగే అత్తయ్యకి ఇంకా బాగా తెలుసు.

ఆదివారం పొద్దున్నే మైదా, ఈస్టు, చిటికెడు పంచదార గోరువెచ్చటి నీళ్లతో కలిపి తడిగుడ్డ కప్పాను. మావయ్య ఆ గుడ్డని నాలుగుసార్లు ఎత్తాడు.

"ఉబ్బిందేంట్రా అల్లుడూ?"

"నువ్వు దాన్ని ఒంటరిగా వదిలితే కదా మావయ్యా."

పిండి గుండ్రంగా సాగదీయబోతే ఎవరిదో చెవిలా తేలింది. దాని మీద టమోటా సాస్ పూసి, చీజ్ తురుము చల్లి, ముందే వేయించి ఉంచిన చికెన్ ముక్కలు, క్యాప్సికమ్, ఉల్లిపాయ, మొక్కజొన్న గింజలు పేర్చాను. పై వాటావాళ్లని అడిగి అత్తయ్య ఓవెన్ తెచ్చింది. దానికి రెండు మీటలు. పిజ్జా లోపల పెట్టి ఒకటి తిప్పాను, పసుపు లైటు వెలిగింది. దాంతోపాటు నా ముఖమూ వెలిగింది.

బేకరీ ఆవిడ వచ్చి కూర్చుంది. పది నిమిషాలైందో లేదో మావయ్య లేచి ఓవెన్ తలుపు తీసి, చెవులదాకా తల లోపలికి దూర్చాడు. వేడంతా పోతుంది, మూసేయండని అత్తయ్య అంది. అక్కడే కాసేపు ఏదో తడుముకుని మూశాడు. కాసేపాగి మళ్లీ తీశాడు. మూడోసారికి కళ్లజోడు మీద ఆవిరి పట్టేసింది. చొక్కాకి తుడుచుకుని నాలుగోసారి వెళ్లాడు. ఇరవై నిమిషాల్లో కావాల్సిన పిజ్జా ముప్పావుగంట తీసుకుంది. నా పనితనానికి లోటు లేదనీ, ఇలాంటి మావయ్య ఉంటే ఎంతటి మొనగాడైనా ఏం చేస్తాడనీ ఆవిడకి వినపడేలా గొణిగాను.

చివరికి అంచులు ఎర్రగా కాలి, చీజ్ బుడగలెత్తుతూ బయటికొచ్చింది. ఆవిడ ఒక ముక్క తాపీగా నమిలి, ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగింది.

మావయ్య బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. "నావల్లేనమ్మా. మూసి ఉంటే నా చెయ్యి ఊరుకోదు. ఆరుసార్లు తీశాను. వీడి తప్పేం లేదు."

అత్తయ్య నుదురు కొట్టుకుంది. బేకరీ ఆవిడ నావైపు తిరిగి, "పిండి పదును కుదిరింది. అట్టపెట్టెలు మడవడం వచ్చా?" అంది.

ఆవిడకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు. "వచ్చండి" అన్నాను. జీవితంలో నేను చెప్పిన అతి పొట్టి నిజం అదే.

"అయితే దాంతోనే మొదలుపెడుదువుగాని. రేపు ఆరింటికి రా."

ఆవిడ వెళ్లాక ట్రే తోముతుంటే నా బుర్రలో ఏదో తొలిచింది. మావయ్య మేజాబల్ల దగ్గర కూర్చుని అలారం గడియారం వెనక మూత విప్పుతున్నాడు.

"మావయ్యా, మొదటిసారి తల దూర్చినప్పుడు నీ కళ్లజోడుకి ఆవిరి పట్టలేదేం?"

"చల్లటి ఓవెన్‌లో ఆవిరి ఎక్కడిదిరా? నువ్వు తిప్పింది లైటు మీట."

ట్రే పక్కన పెట్టేశాను. వేడి మీట తిప్పి ఊరుకోవచ్చుగా, మళ్లీ అయిదుసార్లు ఎందుకని అడిగాను.

"ఒక్కసారే తీస్తే లోపల ఏం చూశారని ఆవిడ అడుగుతుంది. ఆరుసార్లు తీస్తే, ఈయన జబ్బే అంత అనుకుంటుంది." స్క్రూ ఒకటి మూతలో వేసి, గొంతు తగ్గించాడు. "అయినా నాలుగోసారి మాత్రం నిజంగానే ఆగలేకపోయాన్రా."

మర్నాడు బేకరీలో నేను మడిచిన మొదటి పెట్టెని ఆవిణ్ణి అడిగి తెచ్చి ఆయన ముందు పెట్టాను. పెట్టీ పెట్టకముందే మూత ఎత్తాడు.

"లోపలేం లేదేంట్రా?"

"మూత ఉందిగా మావయ్యా."

ఆయన మూత దించి, కాసేపు దాన్నే చూసి, మళ్లీ ఎత్తాడు.