టీచరుగారి కోపం

మా ఎదురింటి లెక్కల టీచరుగారు మొన్న తెల్లవారుజామున పోయారు. చూడవచ్చినవాళ్లంతా శాంతమూర్తి అన్నారు. అబద్ధం. రాజమండ్రిలో మా వీధి మొత్తానికి ఆవిడంత కోపిష్ఠి లేరు. ఆ కోపం వల్లే మా అమ్మ ఇవాళ బతికుంది.

మొదట్లో ఆవిడ నెమ్మదస్తురాలే. స్కూలు మెట్లెక్కితే ఆయాసం, వీపులో నొప్పి, దవడ లాగడం. మా వీధి చివరి డాక్టరు నాడి పట్టుకుని, "గ్యాసమ్మా, ఈ వయసులో ఆడవాళ్లకి మామూలే" అన్నాడు. ఆ వారంలోనే తొమ్మిదో తరగతి పిల్లల ముందు కుప్పకూలారు. గుండెపోటు. ప్రాణం దక్కింది గానీ, గుండె సగం దెబ్బతింది.

"గుండెకొస్తే పొట్టకి మందిచ్చాడు, వెధవ!" అనేవారు తలుచుకున్నప్పుడల్లా.

ఆ తర్వాత వీధిలో ఏ వంటింటికీ రక్షణ లేకపోయింది. అడక్కుండా వచ్చి కూర రుచి చూసి, "ఇది ఉప్పా, విషమా?" అనేవారు. కాగిన నూనె మళ్లీ కాస్తుంటే మూకుడు దించేసేవారు. "మీ ఆయనకి నెలనెలా బీపీ చూపిస్తావు. నీది ఎప్పుడు చూపించుకున్నావే?" అని నిలదీసేవారు.

ఒక ఆదివారం అమ్మకి ఒళ్లంతా చెమటలు, వాంతి, భుజాల మధ్య నొప్పి. నాన్న సోడా తెప్పించారు. "పనసపొట్టు కూర అరగలేదండి, అంతే" అన్నారు, చూడ్డానికొచ్చిన టీచరుగారితో.

"ఆటో పిలవండి."

"ఇవాళ డాక్టర్లుండరండి."

"మీకొస్తే ఆదివారం అడ్డొచ్చేదా?"

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు కూడా గ్యాసే అన్నాడు. ఆవిడ బల్ల మీద చరిచారు. "ముందు ఈసీజీ తియ్యండి. తీశాక గ్యాసని చెప్పండి, వింటాను." తీశారు. కాగితం చూసి ఆ డాక్టరు పరుగెత్తాడు.

ఆనాడు దెబ్బతిన్న గుండె ఇన్నాళ్లకి ఆగిపోయింది. వేళకి చూసుంటే ఇంకా కొట్టుకునేది. ఈ మాట ఎవరికి కష్టంగా ఉన్నా నేను వెనక్కి తీసుకోను.

మొన్న మధ్యాహ్నం వీధి చివరి డాక్టరు కూడా బంతిపూల దండతో వచ్చాడు. "నిద్రలోనే పోయారట, అదృష్టవంతురాలండీ" అన్నాడు.

టీచరుగారి తల దగ్గర కూర్చున్న అమ్మ లేచింది. అతని చేతిలోంచి దండ తీసుకుని, గుమ్మం బయట, చెప్పుల పక్కన పెట్టింది. అతను ఆ చెప్పులు వేసుకుని సందు మలుపు తిరిగేదాకా ద్వారానికి అడ్డంగా నిలబడే ఉంది.